నలభై ఇళ్ళ పని

ఆ వేసవిలో నాకు ముప్పై ఒకటి. బడులు తెరవడానికి ఏడు వారాలుందనగా మా కుట్టు షెడ్డులో యూనిఫారాల కాలం మొదలయ్యేది. ఆ ఏడు వారాలూ తెల్లగుడ్డ, నీలిగుడ్డ తప్ప కంటికి మరో రంగు ఆనేది కాదు. కాజాలు నా పని. రోజుకు మూడు వందల చొక్కాలు, చొక్కాకు ఏడు కాజాలు. సాయంత్రం ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా కాజాలే వరసగా తెరుచుకుని మూసుకుంటూ ఉండేవి. ఎండా, మిషన్ల రొదా, గాల్లో తేలే గుడ్డ నూగూ కలిసి మమ్మల్ని సగం నిద్రలోనే ఉంచేవి. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే కొన్ని నిజంగా జరిగాయో, మిషన్ మీద తలవాల్చి కలగన్నానో తేల్చుకోలేను. గడియారాల ఖాలా సంగతి మాత్రం కల కాదు. కలైతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

మా వీధిలో నలభై ఇళ్ళు. పెద్దావిడ ఎవరైనా అందరికీ ఖాలాయే, అంటే పిన్ని. ఏ ఇంట్లో ఆడమనిషి కన్నుమూసినా, ఖననానికి ముందు చేయించాల్సిన స్నానం మా అమ్మే చేయించేది. ఇరవై ఏడేళ్ళుగా అంతే. మసీదు మైకులో కబురు వినబడగానే పొయ్యి మీద ఏముంటే అది దించేసి, మేకుకున్న సంచి తీసుకుని బయల్దేరేది. అందులో రెండు మగ్గులు, మెత్తటి గుడ్డలు, కర్పూరం, ఎండబెట్టిన రేగాకు. తిరిగొచ్చి తాను స్నానం చేసి, భోంచేసి, కాసేపు గోడవైపు తిరిగి పడుకునేది. అక్కడ ఏం చూసిందో ఒక్క ముక్క బయటపెట్టేది కాదు. వదిన మా ఇంటికొచ్చిన కొత్తలో ఉండబట్టలేక ఒకసారి అడిగింది. పోయినావిడ తన గుట్టు నాకప్పగించింది నీకు చెప్పడానికా అని అమ్మ నవ్వేసింది. వదిన నాలుక కరుచుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆ వేసవి మొదట్లో అమ్మ కుడిచెయ్యి మొరాయించింది. ముందు బొటనవేలు తిమ్మిరెక్కేది, తర్వాత మూడు వేళ్ళు. మణికట్టు దగ్గర నరం నలుగుతోందని, చిన్న ఆపరేషన్ చేస్తే సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అంటే అమ్మకు బెదురు లేదు. ఒక ఇంట్లో పని మధ్యలో నీళ్ళ మగ్గు చేజారి గచ్చు మీద పడింది, అదీ ఆవిడ బెదురు. గచ్చు మీద కాక పోయినావిడ మీద పడుంటే? బతికున్న మనిషిని ఎంత మెత్తగా పట్టుకుంటామో పోయిన మనిషినీ అంతే మెత్తగా పట్టుకోవాలని అమ్మ నమ్మకం. వాళ్ళు నొప్పిగా ఉందని చెప్పుకోలేరు కాబట్టి ఇంకొంచెం మెత్తగా అనేది.

ఆ రోజు రాగానే నన్నూ వదిననూ కూర్చోబెట్టి మాకు చిన్నప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పింది. మన మీదున్న విధులు రెండు రకాలు. నమాజు లాంటిది ఎవరిది వాళ్ళదే, నీ బదులు నేను చదివితే చెల్లదు. పోయినవాళ్ళను శుభ్రం చేసి సాగనంపడం లాంటిది ఊరందరిదీ. కొందరు చేస్తే అందరి నెత్తి మీద నుంచీ దిగిపోతుంది. ఎవరూ చేయకపోతే తప్పు అందరిదీ.

"ఇన్నేళ్ళూ నలభై ఇళ్ళ పని నేనొక్కదాన్నే మోశాను. నా చెయ్యి పూర్తిగా పడిపోయేలోపు ఒక్కరైనా నేర్చుకోవాలి. లేకపోతే రేపు అల్లా నన్నొక్కదాన్నే అడగడు, నలభై ఇళ్ళనీ అడుగుతాడు" అంది.

మర్నాటి నుంచి సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగింది. అందరూ మర్యాదగా కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు, విషయం దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమిలారు. ఒకావిడకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట. రక్తం ఏమీ ఉండదమ్మా అంటే, నీళ్ళు ఎక్కువగా చూసినా తిరుగుతాయంది. మా ఎదురింటి లెక్కల టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దాలంది, వేసవి సెలవుల్లో ఏం పేపర్లో ఆమెకే తెలియాలి. మిగిలిన ఇళ్ళల్లో దాదాపు ఒకటే మాట. "మీ చేతుల్లో ఉన్న చలవ మాకెక్కడిది ఖాలా, మీరు చేస్తేనే అందం." మూడు రోజుల్లో అమ్మ పదిహేడు టీలు తాగి, ఒక్క మనిషిని కూడా సంపాదించలేక, పైగా నిద్ర పట్టక తిప్పలు పడింది.

చివరికి నన్నడిగింది. నేను నా చీరకు అంటుకున్న దారప్పోగులు ఏరుకుంటూ, యూనిఫారాల సీజన్ కదమ్మా అన్నాను. అమ్మ సరే అంది. సీజనున్న మాట నిజమే కానీ అసలు సంగతి అది కాదు. నాకు భయం. అమ్మ తిరిగొచ్చినప్పుడు ఆమె చెంగులోంచి వచ్చే కర్పూరం వాసనకే నేను వేరే గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. వదిననైతే అమ్మ అడగనేలేదు. గోడ మీంచి చచ్చిన బల్లి పడితే తీయడానికి పక్కింటావిడను పిలుచుకొచ్చే మనిషిని ఏమని అడుగుతుంది.

అమ్మ ఇమాం సాబ్ దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది. ఆయన ఆ శుక్రవారం దాని మీదే మాట్లాడారు, మైకులో మా ఇళ్ళన్నిటికీ వినబడింది. ఎంతో చక్కగా చెప్పారు. కొందరు ముందుకొస్తే మిగిలిన అందరి భారమూ తీరిపోతుందన్నారు, ఎవరూ రాకపోతే అందరం దోషులమేనన్నారు. వీధి మొత్తం మొదటి సగం శ్రద్ధగా విన్నది. రెండో సగం వచ్చేసరికి వంటింట్లో ఏదో మాడుతుంటుంది, చంటిపిల్ల ఏడుస్తుంటుంది. అంత బాగా చెప్పాక ఎవరో ఒకరు వెళ్ళి పేరిచ్చే ఉంటారని ప్రతి ఇల్లూ నిబ్బరంగా అనుకుంది. మా ఇల్లు కూడా అనుకుంది. ఆ ఆదివారం అన్నయ్య సెలవు పెట్టి అమ్మను వేరే ఊరి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ముందు షుగరు అదుపులోకి రావాలి, పన్నెండు రోజులుండాలన్నారు. అమ్మ సంచి మేకుకే వేలాడుతూ ఉంది. ఎవరైనా ముందుకొచ్చి ఉంటే మొదట ఆ సంచి కోసమే వచ్చేవారని నాకు తట్టి ఉండాలి. రోజుకు పదిసార్లు దాని కింద నుంచే నడిచాను.

వీధి చివర గడియారాల ఖాలా ఉండేది. ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆమె ఆయన భూతద్దమే కంటికి తగిలించుకుని ఆయన బల్ల ముందే కూర్చుంది. పిల్లల్లేరు. గోడల నిండా బాగుకొచ్చినవీ, జనం తీసుకెళ్ళడం మరిచిపోయినవీ గడియారాలు. ఏ రెండూ ఒకే వేళ చూపించేవి కావు. అన్నీ ఒక్కలా పెట్టొచ్చు కదా అంటే, ఎవరి టైము వాళ్ళది, సర్దడానికి నేనెవర్ని అనేది. ఖురాన్ అక్షరాలు నాకు నేర్పింది ఆమే. తప్పు చదివితే తిట్టేది కాదు, భూతద్దం తీసి నావైపు చూసేది. ఆ చూపుకే నేను మళ్ళీ మొదటి నుంచి అందుకునేదాన్ని.

అమ్మ వెళ్ళిన నాలుగో రోజు, బుధవారం, తెల్లవారుజామున మైకులో ఆమె కబురు చెప్పారు. నేనూ వదినా పక్కల మీద లేచి కూర్చున్నాం. చావు కబురు విన్నప్పుడు చదవాల్సిన మాట ఇద్దరం చదువుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఎవరో వెళ్ళే ఉంటారులే అంది వదిన. నేను తలూపాను.

ఆ రోజు పదింటికల్లా ఒక బడికి ఆరు వందల చొక్కాలు అందాలి. ఏడున్నరకు బయల్దేరి ఖాలా ఇంటి ముందు నుంచే వెళ్ళాను. అరుగు మీద బెంచీలు వేసుకుని ఎనిమిది మంది మగవాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు. తలుపు మూసి ఉంది. మా దగ్గర ఆ తలుపుకు ఒకటే అర్థం. లోపల ఆడవాళ్ళు స్నానం చేయిస్తున్నారు, మగవాళ్ళు ఆ ఛాయలకు వెళ్ళకూడదు, తలుపు తట్టకూడదు. అది చూసి నాకు కలిగిన హాయి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నెత్తి మీద బస్తా ఎవరో దించినట్టయింది. రెండు నిమిషాలు నిలబడి ఆమె కోసం దువా చేసుకున్నాను, బస్సు వస్తోందని పరుగెత్తాను. షెడ్డులో ఆ పొద్దంతా నా కాజాలు ఎంత సమంగా వచ్చాయంటే మేస్త్రీ గారు ఒక చొక్కా పైకెత్తి అందరికీ చూపించారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనానికి తిరిగొస్తూ మళ్ళీ అక్కడ ఆగాను. ఎండ వీధినంతా తెల్లగా చేసేసింది. అరుగు మీద ఇప్పుడు పాతికమంది ఉన్నారు. నీడ జరిగిన కొద్దీ బెంచీలు కూడా జరుపుకుంటూ అరుగు అవతలి గోడదాకా వచ్చేశారు. తలుపు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. నాకు ఒళ్ళు తేలిపోతున్నట్టుగా, ఏదో కలలో ఒకే చోటికి రెండోసారి వచ్చినట్టుగా అనిపించింది.

నేను అమ్మ కూతుర్ని. చేయకపోయినా, స్నానానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. గంట, మహా అయితే గంటన్నర. ఐదు గంటలు పట్టదు. ఖాలా ఇంటి పెరట్లో పోసిన నీళ్ళు గోడ కింది తూములోంచి వీధి కాలవలోకి రావాలి. కాలవ వైపు చూశాను. ఎండి, పగుళ్ళిచ్చి ఉంది. అందులో ఒక కుక్క హాయిగా కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది.

బెంచీ ఈ చివరనున్న పెద్దాయన్ను లోపల ఎవరున్నారని అడిగాను. ఆడవాళ్ళమ్మా అన్నాడాయన. ఎవరెవరని అడిగాను. ఆయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన ఆ పక్కాయన వైపు చూశాడు. ఆ చూపు బెంచీ రెండో చివరదాకా, అక్కడ తస్బీ పూసలు తిప్పుతున్న ఇమాం సాబ్ దాకా వెళ్ళి ఆగింది. తస్బీ కూడా ఆగింది.

నేను చెప్పులు విడిచి తలుపు తోశాను. గడియ కూడా వేసి లేదు.

లోపల చల్లగా, మసకగా ఉంది. గోడల నిండా గడియారాలు నడుస్తున్నాయి. ఖాలా మంచం మీద, ఎవరో కప్పిన పూల దుప్పటి కింద ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి, గడ్డం కింద నుంచి గుడ్డ కట్టి ఉంది. ఆ పాటి చేసిందెవరో ఆ తర్వాత చేయాల్సినవాళ్ళు వస్తారనుకుని వెళ్ళిపోయారు. తెల్లవారినప్పటి నుంచీ ఆమె దగ్గర ఒక్క మనిషి లేదు. ఒక గడియారం మూడు కొట్టింది. కాసేపటికి మరొకటి తొమ్మిది కొట్టింది. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను, ఆ గోడల మీద దేన్ని నమ్మాలి. అక్షరాలు తప్పు చదివినప్పుడు నిలబడ్డట్టే నిలబడ్డాను. ఎదురుగా పాతికమంది ఉన్న ఇంట్లో ఆమె ఒంటరిగా పడి ఉందన్న మాట నాలో మెల్లగా దిగింది. పొద్దున ఏడున్నరకు నేను ఈ తలుపు అవతలే ఉన్నానన్న మాట ఇంకా మెల్లగా దిగింది.

బయటికొచ్చి, "లోపల ఎవరూ లేరు" అన్నాను.

ఇమాం సాబ్ లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. "ఒక్క కేక వేసి అడగాల్సింది. నేనే అడగాల్సింది" అన్నారు. ఆయన గొంతు మైకులో వినబడే గొంతులా లేదు.

పది నిమిషాల్లో వీధి వీధంతా తెలిసిపోయింది. ముందు ఖాలా పక్కింటావిడ వచ్చింది. పొద్దున చూసిందీ, కళ్ళు మూసిందీ, దుప్పటి కప్పిందీ ఆమే. చంటిపిల్లకు పాలు పట్టడానికని తలుపు దగ్గరగా వేసి ఇంటికెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి తలుపు మూసి ఉంది, ముందు మగవాళ్ళు కూర్చున్నారు. సరే, స్నానం చేయించేవాళ్ళు వచ్చేశారు అనుకుంది. తాను మూసిన తలుపును చూసి తానే మోసపోయానని గుమ్మంలో కూలబడి ఏడ్చింది. తర్వాత లెక్కల టీచరమ్మ తల దించుకుని వచ్చింది. ఇంకొకావిడ వచ్చింది. నీళ్ళు ఎక్కువగా చూస్తే కళ్ళు తిరిగే మనిషి. మా వదిన అమ్మ సంచీ, బిందెడు వేడినీళ్ళూ మోసుకొచ్చి గుమ్మం బయటే పెట్టి, నావైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసిందల్లా నాకే, అదీ చెవిన పడ్డది. కుడివైపు ముందు. దుప్పటి తీయకూడదు, కిందనుంచే. నీళ్ళు మీద కుమ్మరించకూడదు, చేతి మీదుగా జారనివ్వాలి. బేసి సార్లు. టీచరమ్మ పోసింది, మూడు నాలుగు కాకుండా లెక్క తప్పకుండా పోసింది. నా భయం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు, వెతికే తీరిక లేకపోయింది.

అక్కడ ఏం చూశానో చెప్పను. చెప్పకపోవడం కూడా ఆ పనిలో భాగమే. ఒక్కటి మాత్రం చెబుతాను, అది ఆమె గుట్టు కాదు, మా తప్పు కాబట్టి. అమ్మ ఎప్పుడూ గంటలోపే చేరుకుని ముందు చేతులూ కాళ్ళూ మెల్లగా సర్దేది. మేం ఏడు గంటలు ఆలస్యం చేశాం. ఆమె వేళ్ళు బిగుసుకుపోయాయి. గోరువెచ్చటి నీళ్ళు పోయిస్తూ ఒక్కో వేలే నిమిరాను. అంతసేపూ, తప్పైంది ఖాలా, తప్పైంది ఖాలా అంటూనే ఉన్నాను. పక్కింటావిడ కూడా అందుకుంది. ఆ తర్వాత మిగిలిన ఇద్దరూ అందుకున్నారు. చుట్టూ గడియారాలు తమ పాటికి తాము నడుస్తూ ఉన్నాయి. ఆ వేళ్ళ గట్టిదనం ఇప్పటికీ నా చేతులకు గుర్తుంది.

సాయంత్రం నమాజుకు ముందు ఆమెను తీసుకెళ్ళారు. మర్నాడు నేను షెడ్డుకు వెళ్ళలేదు. ఆ మర్నాడు వెళితే, మేస్త్రీ గారు ఏమీ అడగకుండా నా బల్ల మీద చొక్కాల కట్ట పెట్టి వెళ్ళారు.

అమ్మ చేతికి కట్టుతో తిరిగొచ్చింది. నేను మొత్తం చెప్పాను, బస్సు కోసం పరుగెత్తడంతో సహా, నాకు హాయిగా అనిపించడంతో సహా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నాలు ఎండ కిటికీలోంచి వచ్చి, గచ్చు దాటి, గోడెక్కేదాకా కదలకుండా చూస్తూ కూర్చునేది. వదిన భయపడి పనిలో ఉన్న అన్నయ్యకు ఫోన్ కూడా చేసింది. మూడోరోజు నేను అమ్మ కట్టు విప్పి మందు రాస్తుంటే నోరు విప్పింది.

"తప్పులో పెద్ద వాటా నాదే."

నువ్విక్కడ లేనే లేవు కదా అన్నాను.

"ఉన్నప్పుడు చేసింది చెబుతున్నా. చెయ్యి ఆడినన్నాళ్ళూ ఒక్కరోజైనా నాతో రమ్మని ఎవరినైనా పిలిచానా? నీ చేతిలో చలవుంది ఖాలా అంటే పొంగిపోయాను. అందరి పనీ అని నోటితో చెబుతూ, చేత్తో నాదే అని పట్టుకుని కూర్చున్నా. ఇరవై ఏడేళ్ళు నేను పరుగెత్తితే, వాళ్ళకు కూర్చోవడం అలవాటైంది."

నువ్వు చేసింది మంచి పనే కదమ్మా అన్నాను.

"మంచి పనే. అందుకే ఇన్నాళ్ళూ నాకు కనబడలేదు" అంది.

ఆ వారం నుంచి మా వసారాలో మధ్యాహ్నాలు బడి మొదలైంది. ఈసారి అమ్మ ఎవరింటికీ వెళ్ళలేదు. ఖాలా పక్కింటావిడే ఎనిమిది మందిని వెంటబెట్టుకొచ్చింది. అమ్మ బెంచీ మీద వెల్లకిలా పడుకుని మీద దుప్పటి కప్పించుకునేది. నేను పోయాననుకోండి, మొదలుపెట్టండి అనేది. ఖాళీ మగ్గులతో వాళ్ళు ఉత్తుత్తి నీళ్ళు పోసేవాళ్ళు. ఎవరైనా ఎడమవైపు వంగితే దుప్పటి కింద నుంచి, కుడివైపమ్మా, కుడివైపు అని వినబడేది. పోయినావిడ తప్పులు దిద్దుతుంటే ఒకటి రెండుసార్లు అందరికీ నవ్వాగలేదు. అమ్మ కూడా నవ్వింది, దుప్పటి ఊగింది. ఒకరోజు ఎండకు, ఆ మెత్తటి చేతులకు అమ్మ నిజంగానే నిద్రపోయింది. సన్నగా గురక. లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు. గొంతులు తగ్గించుకుని, మూడుసార్లూ పూర్తిచేసి, దుప్పటి సర్ది, ఆమె లేచేదాకా చుట్టూ నేల మీద కూర్చుండిపోయారు. కొందరు గోడకు చేరగిలబడి తామూ కునుకు తీశారు. వసారా అంతా నిద్రే. వదిన వంటింటి తెర వెనక నిలబడి చూస్తోంది. నేను చూసేసరికి తెర వదిలేసింది.

అమ్మ కుట్లు విప్పారు. వేళ్ళు కదిలాయి. పది రోజుల్లో గ్లాసు పట్టుకుంది, ఇరవై రోజుల్లో బకెట్టు ఎత్తింది. దాంతో మళ్ళీ పాత పాటే మొదలైంది. దారిలో కనబడ్డవాళ్ళల్లా, చెయ్యి బాగైందట కదా ఖాలా, ఇంక మాకేం దిగులు అనడం. మా బెంచీ చుట్టూ కూర్చున్నవాళ్ళు కూడా, మీరుండగా మేమెందుకులెండి అనేశారు. వసారాలో బడి పల్చబడింది. అమ్మ ఆ మాటలకు నవ్వేది కానీ ఇంట్లోకొచ్చాక ముఖం వాడిపోయేది.

బడులు తెరిచారు. షెడ్డుకు రెండు రోజులు సెలవిచ్చారు. మొదటి వాన పడుతున్న పొద్దున మైకులో కబురొచ్చింది. మేస్త్రీ గారి తల్లి. మా ఇంటికి ఆరిళ్ళ అవతల.

నేను గబగబా లేచి సంచి అందుకున్నాను. అమ్మ నా చెంగు పట్టుకుంది.

"కూర్చో."

ఆలస్యమవుతుందమ్మా అన్నాను.

"ఒక గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టమను వదినను. అవి మరిగేలోపు ఎవరూ కదలకపోతే నేనూ నువ్వూ వెళ్దాం. అందాకా ఈ ఇంట్లోంచి ఎవరూ బయటికెళ్ళడానికి వీల్లేదు."

అది తప్పు కాదా అని అడిగాను. నాకు ఏడుపొస్తోంది. ఖాలా వేళ్ళు గుర్తొచ్చాయి.

"తప్పే కావచ్చు. అడిగితే జవాబు నేను చెప్పుకుంటాను. అది నా ఒక్కదానిదే" అంది.

వదిన గిన్నె పెట్టింది. మేమిద్దరం వీధి తలుపు ఓరగా తీసి ఇవతల నేల మీద కూర్చున్నాం. వాన సన్నగా, ఏకధారగా పడుతోంది. వీధంతా నీటి తెర వెనక ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అమ్మ పెదవులు కదులుతున్నాయి. ఎవరో గొడుగేసుకుని వచ్చారు. పాలాయన. ఎక్కడో తలుపు చప్పుడైంది. ఎవరో బకెట్టు బయటపెట్టి మళ్ళీ వేసేసుకున్నారు. వంటింట్లో గిన్నె అడుగున సన్నటి సద్దు మొదలైంది. నేను అమ్మ వైపు చూశాను. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి కబురు విని కూర్చుంది, ఆ కూర్చోవడానికి ఎంత బలం కావాలో నా చెంగు పట్టుకున్న ఆ చేతి బిగువులో తెలుస్తోంది. నీళ్ళ సద్దు పెరిగింది. వీధిలో ఎవరూ రాలేదు.

వంటింట్లోంచి వదిన వచ్చింది. రెండు చేతుల గాజులూ తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. నా చేతిలోంచి సంచి తీసుకుంది.

"అత్తయ్యా, మధ్యలో నాకు కళ్ళు తిరిగితే?"

"కాసేపు కూర్చో. తగ్గాక లేచి మళ్ళీ నీళ్ళు పొయ్యి" అంది అమ్మ.

వదిన తల మీద చెంగు లాక్కుని వానలోకి దిగింది. మేస్త్రీ గారింటి వైపు తిరగలేదు. తిన్నగా ఎదురింటి తలుపు దగ్గరికి వెళ్ళి గట్టిగా తట్టింది. "టీచర్ గారూ, నేను వెళ్తున్నాను. నాకు భయంగా ఉంది, మీరు కూడా రండి" అంది. ఆ తలుపు తెరుచుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి పక్కింటి తలుపు తట్టారు. ఆ తర్వాత ఎవరెవరు ఏ తలుపు తట్టారో వానలో నాకు కనబడలేదు, చప్పుళ్ళే వినబడ్డాయి. అమ్మ బాగైన చేతి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. మూడు. నాలుగు. నలుగురు చాలు ఆ పనికి. ఐదో తలుపు చప్పుడు విని బొటనవేలు మడిచింది, చేతిని అలాగే గుండెకు ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనెప్పుడూ అమ్మ అలా ఏడవడం చూడలేదు. నాకు భయమేయలేదు.

కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళు అప్పుడే మరగడం మొదలుపెట్టాయి. వీటినేం చేయమంటావని అక్కడి నుంచే అడిగాను.

అమ్మ ముక్కు తుడుచుకుంది.

"టీ పొడి వెయ్యి" అంది.